అన్నయ్యకు నిలిచిపోయింది, నాకు వచ్చి పోయింది: తేడా జన్యువులదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాలుగేళ్ల కిందట మా అమ్మకు కంటి ఆపరేషన్ ముందు రక్త పరీక్షలు చేస్తే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. వెంటనే ఇంట్లో అందరం చేయించుకున్నాం. అన్నయ్యకు (38 ఏళ్లు) పాజిటివ్ వచ్చింది. నాకు (32 ఏళ్లు) హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందని చెప్పేది) నెగెటివ్, కానీ యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడో సోకిందని చెప్పేది), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ వచ్చిందని చెప్పేది) రెండూ పాజిటివ్. 'నీకు ఎప్పుడో వచ్చి పోయిందమ్మా' అన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే ఇంట్లో పెరిగాం. నాకు పోయినది అన్నయ్యకు ఎందుకు పోలేదు? మా పెదనాన్నకు కూడా హెపటైటిస్ సి ఉంది. 2011లో ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఐఎల్‌28బి అని జీన్ టెస్టు చేసి, 'టీటీ' వచ్చింది, మందు పనిచేసే అవకాశం తక్కువ అన్నారు. జ్వరం, నీరసం తట్టుకోలేక రెండు నెలలకే ఆయన మానేశారు. ఇప్పటికీ అలాగే ఉన్నారు. అప్పటినుంచి మా వంశంలోనే ఏదో లోపం ఉందని ఇంట్లో అనుకుంటున్నారు. అన్నయ్యకు ఇమ్యూనిటీ తక్కువని ఎవరో చెబితే ఏవేవో పొడులు వాడుతున్నాడు. వదినకు ఐదో నెల. బిడ్డకు అన్నయ్య జన్యువులే వస్తే ఎలా అని అమ్మ దిగులు. మేమంతా జన్యు పరీక్ష చేయించుకోవాలా?

సమాధానం: అమ్మా, మీరు అన్నయ్య గురించి అడిగారు, బిడ్డ గురించి అడిగారు. పెదనాన్నగారి గురించి మాత్రం 'ఇప్పటికీ అలాగే ఉన్నారు' అని ఒక్క ముక్కతో దాటేశారు. ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది అక్కడే. మీ ఇంట్లో ఇవాళ అందరికంటే ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది ఆయనే. కాబట్టి ఆయనతోనే మొదలుపెడతాను.

2011లో ఆ పరీక్ష చేయించిన డాక్టర్ తప్పు చేయలేదు. అప్పట్లో హెపటైటిస్ సి వైద్యమంటే ప్రధానంగా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, రిబావిరిన్ మాత్రలు. వైరస్ రకాన్ని బట్టి కొందరికి 48 వారాలు సాగేది. ప్రతి ఇంజెక్షన్ తర్వాతా చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఆకలి లేకపోవడం, మనసు కుంగిపోవడం. ఇంత బాధపడ్డా చాలామందికి వైరస్ పోయేది కాదు. ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్నది ముందే తెలిస్తే బాగుండునని డాక్టర్లూ రోగులూ ఎదురుచూస్తున్న రోజుల్లో, 2009లో అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్‌లలో మూడు బృందాలు విడివిడిగా పనిచేసి ఒకే చోటికి చేరాయి. మన 19వ క్రోమోజోమ్ మీద ఐఎల్‌28బి అనే జన్యువు పక్కన డీఎన్‌ఏలో ఒక అక్షరం. అది కొందరిలో 'సీ', కొందరిలో 'టీ'. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి మనిషి సీసీ కావచ్చు, సీటీ కావచ్చు, టీటీ కావచ్చు. టీటీ వాళ్లతో పోలిస్తే సీసీ వాళ్లకు ఆ వైద్యం సుమారు రెండింతలు పనిచేసింది. మందు లేకుండా తమంతట తాము వైరస్‌ను వదిలించుకున్నవాళ్లలో కూడా సీసీ వాళ్లే ఎక్కువ.

ఒక్క మాట. టీటీ అంటే 'పనిచేయదు' అని అప్పుడూ అర్థం కాదు. అవకాశం తక్కువ, అంతే. టీటీ ఉండి కూడా నయమైనవాళ్లు ఉన్నారు. ఇంటికొచ్చేసరికి ఆ 'తక్కువ' కాస్తా 'లేదు' అయిపోయింది, పెదనాన్నగారి గుండెలో 'నా ఒంట్లోనే లేదు' అని స్థిరపడిపోయింది.

ఆ 'లోపం' అన్న మాట సంగతి కూడా చూడండి. 2013లో ఆ అక్షరం పక్కనే అంతవరకూ ఎవరికీ తెలియని మరో జన్యువు బయటపడింది. దానికి ఐఎఫ్‌ఎన్‌ఎల్4 అని పేరు పెట్టారు. అదీ ఒక రకం ఇంటర్‌ఫెరాన్‌నే, అంటే వైరస్ వచ్చినప్పుడు కణాలను అప్రమత్తం చేసే పదార్థాన్నే తయారుచేస్తుంది. 'టీ' ఉన్నవాళ్లలో సాధారణంగా ఈ జన్యువు చక్కగా పనిచేస్తుంది. 'సీ' ఉన్నవాళ్లలో అది చెడిపోయి ఉంటుంది. అంటే ఆ జన్యువు చెడిపోయినవాళ్లే వైరస్‌ను బాగా వదిలించుకుంటున్నారు! మొదట చదివినప్పుడు నేను తారుమారుగా అచ్చయిందేమోనని మళ్లీ మొదటినుంచి చదివాను. దీనికి చెప్పే వివరణ ఏమిటంటే, ఈ జన్యువు పనిచేస్తున్నవాళ్ల కాలేయ కణాల్లో హెచ్చరిక ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. వైరస్ చావదు, కానీ కణాలు ఆ మోతకు అలవాటుపడి, బయటినుంచి ఇంజెక్షన్‌లో ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్‌కు పలకవు. కుక్క రాత్రంతా మొరుగుతూనే ఉంటే దొంగ వచ్చినప్పుడు మాత్రం ఎవరు లేస్తారు? పెదనాన్నగారికి ఉన్నది లోపం కాదని నేను ఓదార్పు కోసం అనడం లేదు. అక్షరాలా ఆయనలో ఉన్నది పనిచేసే జన్యువు అయ్యుండాలి.

అసలు విషయం ఇది. ఇప్పుడు హెపటైటిస్ సి కి ఇంటర్‌ఫెరాన్ వాడరు. 2013 చివర్లో సోఫోస్బువిర్ అనే మాత్ర వచ్చాక వైద్యమే మారిపోయింది. సోఫోస్బువిర్‌తో వెల్పటాస్విర్ కలిపిన మాత్ర సాధారణంగా 12 వారాలు, లేదా గ్లెకాప్రెవిర్, పిబ్రెంటాస్విర్ కలిపిన మాత్రలు 8 వారాలు. ఈ మందులు మన రోగనిరోధక శక్తిని బతిమాలవు, నేరుగా వైరస్ తన నకళ్లు తీసుకునే యంత్రాంగాన్నే ఆపేస్తాయి. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. సీసీ అయినా టీటీ అయినా ఒకటే మాత్ర, ఒకటే గడువు. మొదట్లో ఇంటర్‌ఫెరాన్ మానేసినవాళ్లకు కూడా పనిచేస్తుంది. మందు రాసే ముందు ఐఎల్‌28బి పరీక్ష ఇప్పుడు ఎవరూ అడగరు.

కాబట్టి పెదనాన్నగారిని ఈ వారమే తీసుకెళ్లండి. రక్తంలో సి వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి. యాంటీబాడీ పరీక్ష సరిపోదు, అది నయమైపోయినా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. కాలేయం ఎంత గట్టిపడిందో తెలిపే ఫైబ్రోస్కాన్, అల్ట్రాసౌండ్ కూడా చూస్తారు. ఇంకొకటి, మీ ఇంట్లో హెపటైటిస్ బి కూడా ఉంది కాబట్టి మందు మొదలుపెట్టకముందే ఆయనకు బి పరీక్షలు తప్పనిసరి. రెండూ ఉన్నవారిలో సి వైరస్ తగ్గుతుండగా అణిగి ఉన్న బి వైరస్ లేచి కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. గ్యాస్ మాత్రలు, గుండె మందులు ఏం వాడుతున్నా డాక్టర్‌కు చూపించాలి, కొన్నిటికి ఈ మందులతో పడదు. మాత్రలు అయిపోయిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చూసి, వైరస్ కనబడకపోతే నయమైనట్టే. అయితే ఇన్నేళ్లలో సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడిపోవడం) వచ్చి ఉంటే, వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ మానకూడదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. జన్యువుల పాత్ర లేదని నేను అనను. ఉంది. ఐర్లండ్‌లో 1977-78లో బాలింతలకు ఇచ్చిన యాంటీ-డి (నెగెటివ్ రక్తం గ్రూపున్న తల్లులకు ఇచ్చేది) ఇంజెక్షన్ మందులో హెపటైటిస్ సి వైరస్ కలిసిపోయింది. ఇది బయటపడింది 1994లో. అలా సోకిన దాఖలాలు 704 మంది స్త్రీలలో దొరికాయి. వాళ్లంతా బిడ్డను కన్న వయసువాళ్లు, వాళ్లకు సోకింది ఒకే మూలం నుంచి వచ్చిన వైరస్. ఇన్నేళ్ల తర్వాత రక్తంలో వైరస్ ఇంకా ఉన్నది 390 మందిలో, అంటే 55 శాతం. మిగతా 45 శాతం మంది తమంతట తామే వదిలించుకున్నారు. ఈ స్త్రీలలో కొందరి జన్యువులను పరీక్షించినప్పుడు హెచ్‌ఎల్‌ఏ-బి27 వంటి కొన్ని రకాలు, వదిలించుకున్నవాళ్లలో ఎక్కువగా కనబడ్డాయి.

ఈ హెచ్‌ఎల్‌ఏ అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీ అన్నయ్య సంగతిలోనూ ఇదే వస్తుంది. మన కణాల పైపొర మీద చిన్న దొప్పల వంటి ప్రోటీన్లు ఉంటాయి. కణం లోపల ఏం తయారవుతోందో వాటి ముక్కలను, ఎనిమిది పది అమైనో ఆమ్లాల పొడవున్న తునకలను, ఈ దొప్పల్లో పెట్టి బయటికి చూపిస్తుంది. గస్తీ తిరిగే టి-కణాలు ఆ తునకను తడిమి చూస్తాయి. మనదైతే వదిలేస్తాయి, వైరస్‌దైతే ఆ కణాన్ని చంపేస్తాయి. దొప్ప ఆకారం మనిషి మనిషికీ వేరు. ఇప్పటిదాకా 40 వేలకు పైగా హెచ్‌ఎల్‌ఏ రకాలు నమోదయ్యాయి. ఒకరి దొప్పలో వైరస్ తాలూకు కీలకమైన ముక్క చక్కగా కూర్చుంటుంది, ఇంకొకరి దొప్పలో జారిపోతుంది. బి27 పట్టుకునే ముక్క, వైరస్ సులువుగా మార్చుకోలేని భాగంలోది. మార్చుకుంటే దాని పునరుత్పత్తే దెబ్బతింటుంది. అందుకే అక్కడ పట్టు దొరికితే వదలదు.

హెపటైటిస్ బి విషయంలో కథ వేరే దొప్పలది. 1995లో ఆఫ్రికాలోని గాంబియాలో డీఆర్‌బీ1*1302 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవాళ్లలో వైరస్ నిలిచిపోవడం తక్కువని తేలింది. 2009లో జపాన్ పరిశోధకులు హెచ్‌ఎల్‌ఏ-డీపీ జన్యువుల్లోని తేడాలకూ దీర్ఘకాలిక బి కీ సంబంధం చూపించారు. రక్షణనిచ్చే రకం ఉంటే నిలిచిపోయే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. ఇది చిన్న ప్రభావం కాదు.

కానీ దీన్ని వయసు పక్కన పెట్టి చూడండి. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే, టీకా వంటి రక్షణ లేని బిడ్డల్లో 90 శాతం మందికి వైరస్ నిలిచిపోతుంది. ఐదేళ్ల లోపు సోకితే నూటికి 25 నుంచి 50 మందికి. పెద్దయ్యాక సోకితే ఐదుగురిలోపే. అంటే అదే మనిషి, అవే జన్యువులు, పుట్టిన రోజున సోకితే దాదాపు ఖాయంగా నిలిచిపోయేది, పాతికేళ్లకు సోకితే దాదాపు ఖాయంగా పోతుంది. ఏ హెచ్‌ఎల్‌ఏ రకమూ ఇంత తేడా చూపించదు. పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఈ వైరస్‌ను శత్రువుగా గుర్తించి పోరాడదు, తనతో పుట్టినదే అన్నట్టు ఊరుకుంటుంది.

మరి మీరిద్దరూ ఒకే తల్లి బిడ్డలు కదా అంటారు. తల్లి ఒకరే, కానీ ఆమె రక్తం రెండు కాన్పులకూ ఒకేలా ఉండి ఉండకపోవచ్చు. మీకూ అన్నయ్యకూ ఆరేళ్ల తేడా. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వయసులో ఉన్నప్పుడు రక్తంలో 'ఈ-యాంటిజెన్' ఉండే దశ ఒకటి ఉంటుంది. అప్పుడు వైరస్ కోట్లలో ఉంటుంది, ఆ సమయంలో పుట్టిన బిడ్డలకు టీకా లేకపోతే చాలావరకు సోకుతుంది. కొన్నేళ్లకు ఆ యాంటిజెన్ పోయి వైరస్ బాగా తగ్గుతుంది. అన్నయ్య పుట్టినప్పుడు అమ్మ మొదటి దశలో ఉండి, మీరు పుట్టేసరికి రెండో దశకు వచ్చి ఉండవచ్చు. మీకు పుట్టినప్పుడు కాక, చిన్నప్పుడో పెద్దయ్యాకో ఇంట్లోనే ఒకే బ్లేడు వల్లో, పుండు తగలడం వల్లో సోకి ఉండవచ్చు కూడా. అప్పటి రిపోర్టులు లేవు కాబట్టి ఇప్పుడు రుజువు చేయలేం. కానీ ఇలాంటి అన్నాచెల్లెళ్లను చూసినప్పుడు నేను ముందుగా అనుమానించేది జన్యువులను కాదు, ఈ ఆరేళ్లనే.

వంశం మాట కూడా తేల్చేద్దాం. హెచ్‌ఎల్‌ఏ జన్యువులన్నీ 6వ క్రోమోజోమ్ మీద ఒకేచోట గుంపుగా ఉండి, ఇంచుమించు ఒక కట్టగా వస్తాయి. తల్లి దగ్గర రెండు కట్టలు, తండ్రి దగ్గర రెండు. అన్నాచెల్లెళ్లకు రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కటీ కలవకపోయే అవకాశమూ అంతే. పైగా పెదనాన్నగారి ఐఎల్‌28బి వేరే క్రోమోజోమ్‌ది, ఆయన వైరస్ వేరు, అన్నయ్య వైరస్ వేరు. అమ్మ వైపునుంచి అన్నయ్యకు వచ్చింది వైరస్. పెదనాన్నగారితో దానికి ఏ చుట్టరికమూ లేదు. రెండు వేర్వేరు జబ్బులు ఒకే ఇంట్లో కనబడ్డాయి కాబట్టి ముడిపెట్టేశారు, అంతే.

ఇక ఆ పొడులు. దయచేసి ఇవాళే ఆపించండి. ఇమ్యూనిటీ తక్కువై అన్నయ్య కాలేయం పాడవుతుందన్నది తలకిందుల మాట. హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాన్ని తానుగా పెద్దగా చంపదు. చంపేది మన టి-కణాలే, సోకిన కణాన్ని తొలగించబోయి. రిపోర్టులో ఎస్‌జీపీటీ (దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్) పెరిగిందంటే అర్థం అదే, లోపల పోరు నడుస్తోందని, కణాలు పగులుతున్నాయని. ఇలాంటి చోట 'ఇమ్యూనిటీ పెంచుతాను' అనడం అగ్గికి గాలి విసరడం. పైగా ఏముందో తెలియని మూలికల పొడులు, గుళికలు నేరుగా కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు మేం చూస్తూనే ఉంటాం. ఒకతను ఇలాగే పొడి డబ్బా చేతిలో పట్టుకుని వచ్చాడు, కళ్లు పసుపుముద్దలా ఉన్నాయి. 'ఇది లివర్‌కు మంచిదని రాసుంది కదండీ' అని డబ్బా నా వైపు తిప్పి చూపించాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

అన్నయ్యకు కావాల్సినవి వేరు. ఈ-యాంటిజెన్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ అంటే వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ, ఫైబ్రోస్కాన్, అల్ట్రాసౌండ్, ఒకసారి హెపటైటిస్ డి (బి ఉన్నవాళ్లకే సోకే మరో వైరస్) పరీక్ష కూడా. వీటిని బట్టి టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ మొదలుపెట్టాలా, ఇంకా చూడాలా అన్నది కాలేయ నిపుణులు చెబుతారు. రోజుకొక మాత్ర, ఏళ్ల తరబడి. బాగానే ఉంది కదా అని సొంతంగా మానేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదకు రావచ్చు. ఈ మందులు వైరస్‌ను అణచిపెడతాయి, దాని మూల ప్రతి కాలేయ కణం లోపల మిగిలే ఉంటుంది. అయినా సిరోసిస్, క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. అమ్మకూ ఇవే పరీక్షలు. ఆపరేషన్ అయిపోయాక ఆమె విషయం ఎవరూ పట్టించుకోలేదేమో అనిపించింది మీ ఉత్తరం చదివితే.

బిడ్డ విషయంలో అమ్మగారి దిగులు తీసేయండి. సగం జన్యువులు అన్నయ్యవే వస్తాయి, రానివ్వండి. వైరస్ ప్రధానంగా వచ్చే దారి తల్లి రక్తం, కాబట్టి చూడాల్సింది వదిన హెచ్‌బీఎస్‌ఏజీ. అది నెగెటివ్ అయి, యాంటీబాడీలు కూడా లేకపోతే ఆమెకు టీకా వెంటనే మొదలుపెట్టండి. గర్భిణికి అది సురక్షితమే. మూడు డోసులూ అయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ 10 దాటిందో లేదో చూడాలి. ఇక్కడా హెచ్‌ఎల్‌ఏ కొంత జోక్యం చేసుకుంటుంది. పెద్దవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి మొదటి విడత టీకా పట్టదు, వాళ్లకు మళ్లీ ఇస్తే చాలామందికి పడుతుంది. ఒకవేళ వదిన పాజిటివ్ అయితే ఐదో నెలలోనే తెలియడం మంచిదే. వైరల్ లోడ్ ఎక్కువుంటే ప్రసవానికి ముందే టెనోఫోవిర్ ఇస్తారు, బిడ్డకు పుట్టగానే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇస్తారు. ఏ ఫలితం వచ్చినా బిడ్డకు పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడాలి. ఆ గంటల లెక్క ముఖ్యం. పైన చెప్పిన 90 శాతం అన్న అంకెను తిరగేసేది అదే. అన్నయ్య బిడ్డను ఎత్తుకోవచ్చు, ముద్దాడవచ్చు, ఒకే కంచంలో అన్నం పెట్టవచ్చు. రేజరు, గోళ్లు తీసేది, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లవే.

జన్యు పరీక్ష వద్దు. చేయించినా దాన్ని బట్టి మీలో ఎవరికీ ఒక్క మాత్ర మారదు, ఒక్క స్కానింగు తేదీ మారదు. ఇలాంటి కాగితం ఒకటి ఇంట్లోకొచ్చి పెదనాన్నగారిని ఇన్నేళ్లు కూర్చోబెట్టింది, అది చాలు.

చివరగా మీ సంగతి. 'వచ్చి పోయింది' అన్నది నిజమే, మామూలుగా మీవల్ల ఎవరికీ సోకదు, మీకు మందు అక్కర్లేదు, టీకా అక్కర్లేదు. కానీ పూర్తిగా పోలేదు. మీ కాలేయ కణాల్లో కొన్నిటిలో ఆ మూల ప్రతి నిద్రలో ఉంటుంది, మీ టి-కణాలు దాన్ని కాపలా కాస్తుంటాయి. ఎప్పుడైనా క్యాన్సర్ మందులో, రోగనిరోధక శక్తిని అణచే రిటుక్సిమాబ్ వంటి ఇంజెక్షనో, ఎక్కువ మోతాదులో చాలాకాలం స్టెరాయిడ్లో వాడాల్సి వస్తే ఆ కాపలా సడలి వైరస్ మళ్లీ లేవవచ్చు. ముందే చెబితే నివారణగా మాత్ర ఇస్తారు. కాబట్టి మీ యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ రిపోర్టు ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి, ఏ కొత్త డాక్టర్‌కైనా చూపించండి.

పెదనాన్నగారితో మీరే వెళ్లండి. ఆయన ఒంటరిగా వెళ్తే పాత ఫైలు తీసి, 'నాకు టీటీ అండీ, పనిచేయదన్నారు' అని తానే ముందు చెప్పి లేచి వచ్చేసేలా ఉన్నారు. డాక్టర్‌ను ఆర్‌ఎన్‌ఏ పరీక్ష రాయమని మీరు అడగండి. ఫలితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తాను.